గువ్వలబండ మలుపులో కొబ్బరిచిప్పలు

తిరిగొచ్చి వారం దాటింది. వీధిలో ఎవరు ఎదురైనా ఒకటే ప్రశ్న, "ఎలుగుబంటిని చూశావటగా, నిజమేనా?" అని. నిజమే, చూశాను. అయితే నేను దాన్ని చూసిన సంగతి కంటే, అది నన్ను చూసేసిందేమోనని పరిగెత్తిన సంగతే నాకు బాగా గుర్తుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి గొంతు పోయింది. పైగా చెప్పినప్పుడల్లా ఎలుగుబంటి కాస్త కాస్త పెరుగుతోందని మా ఆయన కనిపెట్టాడు. ఇంక పెరగకుండా కాగితం మీద పెడుతున్నాను.

మాది అమలాపురం పక్కన. పోస్టాఫీసు కౌంటర్లో ముప్పై ఏళ్లు కూర్చుని ఈమధ్యే రిటైరయ్యాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊళ్లో పేరు. కౌంటర్లో కూర్చున్న ఎవరికైనా అక్కడే ఉంటుంది. మా వైపు అడవి జంతువంటే దోమ, వేటంటే చేపల బజారులో పులస కోసం బేరమాడటం. కొబ్బరికాయ సంగతి మాత్రం మమ్మల్ని అడగాలి. మా దగ్గర దానికి ఇద్దరే శత్రువులు, ఎలుక ఒకటి, పక్కింటివాడు ఒకడు. మూడో శత్రువు కూడా ఉందని తెలుసుకోవడానికి నేను చిత్తూరు వైపు వెళ్లాల్సి వచ్చింది.

మా పెదనాన్న కొడుకు రామం అన్నయ్య ఉద్యోగం పేరుతో కుప్పం వెళ్లి, అక్కడి పిల్లనే చేసుకుని, అక్కడే ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి పిలిచాడు. మదనపల్లె, పుంగనూరు చూసుకుంటూ నిదానంగా వస్తానన్నాను. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, సెలవు దొరకలేదు. దొరికినా ఆయన అడవి దారిలో బస్సెక్కే మనిషి కాదు.

మదనపల్లె

మదనపల్లెలో దిగగానే ముందు ముక్కుకు తగిలేది టమాటా. మార్కెట్ చుట్టుపక్కల ఏ బండి చూసినా క్రేట్లే. మా ఊళ్లో కిలో టమాటాలు కొనాలంటే ఒక్కొక్క కాయా నొక్కి చూస్తాం. అలవాటు కొద్దీ ఇక్కడా నొక్కబోయాను. "క్రేటుగా తీసుకోమ్మా, ఈడ కిలోలు ఎవురు తూస్తారు?" అన్నాడు ఆ రైతు. ధర ఎలా ఉందండీ అంటే, "నిన్న నవ్వినాం, ఈపొద్దు ఏడస్తాండాం" అన్నాడు. ఆ మాట అంటూ కూడా నవ్వుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం ఒక మెస్సులో రాగి సంగటి తిన్నాను. పిడికిలి కంటే పెద్ద ముద్ద, పక్కన శనక్కాయల చట్నీ, ఉలవచారు. నేను ముద్ద తుంచి శ్రద్ధగా నములుతుంటే వడ్డించే ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నమలద్దమ్మా, చట్నీలో అద్ది మింగాల. సంగటి నమిలేవాళ్లని ఇప్పుడే సూస్తాండా" అంది. అన్నం పెట్టి తిట్టే మనుషులంటే నాకు గౌరవం. రెండో ముద్ద మింగాను. సాయంత్రం దాకా ఆకలి నా జోలికి రాలేదు.

హార్స్లీ హిల్స్ కూడా ఎక్కాను. చల్లగా ఉంది, గాలి బాగుంది, కోతులు బాగాలేవు. ఒక మలుపులో 'ఎలుగుబంట్లు తిరుగు ప్రాంతము, జాగ్రత్త' అని బోర్డు ఉంది. ఒక కుటుంబం దాని ముందు నిలబడి ఫోటో దిగుతోంది. పిల్లల్ని బోర్డుకు ఇంకా దగ్గరగా, పొదల వైపు జరగమంటున్నాడు తండ్రి. జాగ్రత్త అన్న మాట ఫోటోలో పడాలట.

అక్కడి టీ కొట్టాయన్ని ఎలుగుబంటి నిజంగా వస్తుందా అని అడిగాను. "వస్తాదమ్మా. టూరిస్టులు పారేసిన చిప్స్ ప్యాకెట్లకు వస్తాది. కారంవి ముట్టదు, ఉప్పువే తింటాది" అన్నాడు. చాలా మామూలుగా, రోజూ వచ్చే కస్టమరు గురించి చెప్పినట్టు చెప్పాడు.

పుంగనూరు

పుంగనూరు ఆవుల గురించి అందరూ వినే ఉంటారు. నేను వెళ్లిందే వాటి కోసం. తెలిసినవాళ్ల ద్వారా ఒక పెంకుటింటికి వెళితే, వరండాలో నా మోకాలి కంటే కాస్త ఎత్తున్న ఆవు ఒకటి నన్ను పరిశీలనగా చూసింది. మా గేదెల పక్కన నిలబెడితే దీన్ని దూడ అనుకుని పాలు తాగించబోతారు. "ఎంతండీ?" అని పాల లెక్కన అడిగాను. ఆ ఇంటాయన రేటు అడిగాననుకుని, కారు ధర లాంటిదొకటి చెప్పాడు. నేను ఆవు మీద పెట్టిన చెయ్యి తీసేశాను.

ఇక్కడివాళ్లు ఒకర్నొకరు 'అప్పా', 'అమ్మా' అనుకుంటారు. చిన్నపిల్లవాణ్ని కూడా 'రాప్పా' అని పిలుస్తారు. మా వైపు 'అండీ' తగిలించకపోతే మాటకు కాళ్లు ఉండవు. రెండు రోజులు నేను 'అండీ' అన్నప్పుడల్లా నవ్వుకున్నారు, వాళ్లు 'అప్పా' అన్నప్పుడల్లా నేను నవ్వుకున్నాను.

సాయంత్రం పలమనేరు వెళ్లే బస్సెక్కాను. మదనపల్లె నుంచి వస్తున్న బస్సు. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి ఆడవాళ్లే ఎక్కువ, సీట్లు తక్కువ. కిటికీ పక్కన కూర్చున్న ఒక అమ్మాయి బ్యాగు ఒళ్లో పెట్టుకుని నాకు చోటిచ్చింది. పేరు కరుణ. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో నర్సు. పుట్టుక నుంచీ క్రైస్తవురాలు. తనను ప్రేమించి పెళ్లి చేసుకున్న మునిరాజు హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగి, పదిహేను రోజులకోసారి వస్తాడు. మూడేళ్ల పాపతో, అత్తతో తను పల్లెలో ఉంటుంది. పుంగనూరు, గంగవరం మధ్య గువ్వలబండ మలుపులో దిగి, కిందికి కాలిదావన, అంటే కాలిబాటన, నడిస్తే ఊరు.

"మా అత్త మునెమ్మ పదేళ్ల వయసు నుంచి టమాటా తోటల్లో కూలికి పోయిందమ్మా. ఆ ఇంట్లో నెల జీతం అనేది మొదట తెచ్చింది నేనే. మొదటి జీతం ఆమె చేతిలో పెడితే, ఆ పొద్దంతా పల్లెలో ఇంటింటికీ పొయ్యి చూపించుకోనొచ్చింది" అని నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసింది. "ఇప్పుడు ఆమే పని మానేయమంటాండాది."

ఎందుకని అడిగాను.

"ఎలుగ్గొడ్డు" అంది కరుణ.

గువ్వలబండ మలుపు

ఈ మలుపు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒకప్పుడు ఇక్కడ రెండు బస్సులు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్లాల్సినంత ఇరుకు రోడ్డు ఉండేదట. ఈమధ్య వెడల్పు చేశారు. గుట్టను కేకు కోసినట్టు కోసి, గోడ కట్టి, తారు పోశారు. గుట్ట మీద నుంచి కింద కుంటకు నీళ్లకు దిగే జంతువులకు గోడ అడ్డమొచ్చింది. గోడలో ఖాళీ ఒక్కచోటే ఉంది, సరిగ్గా మలుపు దగ్గర. అటవీశాఖ వాళ్లు 'ఇక్కడ ఎలుగుబంట్లు రోడ్డు దాటును' అని బోర్డు పెట్టారు. బొమ్మ గీసినవాడు ఎలుగుబంటిని చూసినట్టు లేదు, బాగా తిన్న కుక్కలా ఉంది. ఎవరో దానికి మీసాలు కూడా దిద్దారు. నన్నడిగితే గుట్ట వైపు ఇంకో బోర్డు పెట్టి, 'ఇక్కడ రోడ్డు అడవిని దాటును' అని రాయాలి. ముందు నుంచీ అక్కడున్నది ఎవరో ఆ జంతువులకైనా గుర్తుంటుంది.

రోడ్డు బాగుపడగానే బండ్ల వేగం పెరిగింది. వేగంతోపాటు భయం పెరిగింది. భయంతోపాటు భక్తి పెరిగింది. మలుపులో పసుపు రాసిన రాయి ఒకటి ఎప్పటి నుంచో ఉంది, మలుపు గంగమ్మ. ఎలుగుబంటి ఎదురు రాకుండా ఉండాలని ప్రతి బండివాడూ ఆగి, బండికి దిష్టి తీసి, గంగమ్మ ముందు కొబ్బరికాయ పగలగొట్టి పోతాడు. దిష్టి తీసిన కాయను మనుషులు తినకూడదు. అందుకని చిప్పలన్నీ అక్కడే పడుంటాయి.

మనుషులు తినకూడదన్న నియమం ఎలుగుబంటికి వర్తించదు.

అది చిప్పల కోసం రోజూ రావడం మొదలుపెట్టింది. వచ్చేకొద్దీ జనం ఇంకా భయపడి ఇంకా ఎక్కువ కాయలు కొట్టారు. ఒకటి కొట్టేవాళ్లు మూడు కొట్టారు. ఆ కాయలమ్మే కొట్టు ఎవరిదంటే, కరుణ అత్త మునెమ్మదే. పైగా కోడలు క్షేమంగా ఇల్లు చేరాలని మునెమ్మ తన వంతుగా రోజూ ఒక కాయ ఉత్తపుణ్యానికి కొడుతుంది. కోడలు నడవాల్సిన కాలిదావ మొదలయ్యేది ఆ రాయి పక్కనుంచే.

ఇదంతా విని నేను ఊరుకోలేకపోయాను. మలుపులో బస్సు ఆగగానే కండక్టరు కాయ కొనడానికి దిగాడు. ఎలుగుబంటి వచ్చేది అక్కడికేనని తెలిసి కూడా, కొబ్బరికాయ మాట వినేసరికి ఒళ్లు మరిచి నేనూ దిగాను. మునెమ్మ బక్కపలచని మనిషి, నుదుట రూపాయంత బొట్టు. కాయ ధర నలభై అంది. పిడికెడంత కాయ, లోపల నీళ్ల చప్పుడు కూడా లేదు.

"ఇదా నలభై? మా ఊళ్లో ఇలాంటిదాన్ని పిల్లలు బంతాట ఆడతారండీ" అన్నాను.

"అయితే మీ ఊర్లోనే కొట్టుకో పో తల్లీ" అంది మునెమ్మ.

సమాధానం నచ్చింది. రాయి దగ్గరకు వెళ్లి చిప్పలు చూశాను. ఒక్కోటి గోకుడుపీట మీద గోకినట్టు నున్నగా ఉంది. మా వంటింట్లో కూడా అంత శుభ్రంగా గోకరు. "ఎవరండీ ఇంత నున్నగా గోకింది?" అని అడుగుతున్నాను. కరుణ అప్పుడే బస్సు దిగి కాలిదావ వైపు తిరిగింది.

గోడ ఖాళీలో నల్లగా ఏదో కదిలింది.

ముందు ఎవరో గొంగళి కప్పుకుని వస్తున్నారనుకున్నాను. గొంగళికి మూతి ఉంది. వీపు మీద ఇంకో చిన్న గొంగళి ఉంది. పిల్లతల్లి. ఆ తరువాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. మునెమ్మ కేక వేసి కోడల్ని చెయ్యి పట్టి బస్సులోకి ఈడ్చుకురావడం, కండక్టరు నన్ను దాటి బస్సెక్కడం, నా ఎడమకాలి చెప్పు ఊడటం. మెట్టు మీద కాలు పెట్టేలోపల నేను, ఇంతకుముందే గంగమ్మ రాయిని చూసి లోపల నవ్వుకున్న నేను, "తల్లీ గంగమ్మా, పదకొండు కాయలు కొడతాను" అని గట్టిగానే మొక్కేశాను. బస్సంతా విన్నది.

ఎలుగుబంటికి మాతో పనే లేదు. రోడ్డు దాటి వచ్చి, కండక్టరు కొట్టిన కాయ ముందు తీరిగ్గా చతికిలబడింది. పొడుగాటి గోళ్ల మధ్య చిప్ప పట్టుకుని, మా మనవడు ఐస్‌క్రీము కప్పు గోకినట్టు గోకింది. పిల్ల వీపు మీద నుంచే చెయ్యి చాపి తన వాటా అడిగింది. బస్సులో ఫోన్లన్నీ కిటికీల్లోనే ఉన్నాయి.

బస్సులో పంచాయితీ

డ్రైవరు పేరు మస్తాన్. నెరిసిన గడ్డం, నిదానమైన మనిషి. అతన్నే అడిగాను. "ఏవండీ, మీరు కాయ కొడుతున్నారు కాబట్టే కదా అది వస్తోంది?"

"అది అందరికీ తెలిసిందే కదమ్మా" అన్నాడు మస్తాన్, నేను సూర్యుడు తూర్పున పొడుస్తాడని చెప్పినట్టు.

"మరి మానెయ్యొచ్చు కదా?"

"ఎవురు మానాల ముందు? నేను కొట్టకుండా పొయ్యి, ఆపొద్దే ఏదన్నా అయితే? నా ఒక్కడి పానమా, బస్సు నిండా జనం ఉండారు. కాయ కొట్టకుండా గేరు వేస్తే ఈళ్లే నన్ను కొడతారు."

వెనక సీట్లు అవునన్నాయి. అటవీశాఖ వాళ్లు కొట్టొద్దని చెప్పి చూశారట. చెప్పడానికొచ్చిన గార్డు కూడా వెళ్లేటప్పుడు ఒక కాయ కొట్టి వెళ్లాడట. పలమనేరు పోతున్న కరుణ ఊరివాడు ఒకడు మధ్యలో లేచి, పల్లెలో మగవాళ్లు వేరే ఆలోచన చేస్తున్నారని చెప్పాడు. "అడివిపందికి ఏసే ఉచ్చు దీనికీ ఏస్తాం. రెండు దినాల్లో పీడ వదులుతాది."

"పిల్లతల్లికి ఉచ్చేస్తారా అన్నా? తల్లి చస్తే ఆ పిల్ల బతకతాదా?" అంది కరుణ. బస్సులో అప్పటిదాకా ఆమె గొంతు అంత పైకి లేవలేదు. "అది మన దావకు రాలేదు. మనమే దాని దావలో తిండి పెట్టి పిలస్తాండాం."

మునెమ్మ కోడలి చెయ్యి ఇంకా వదల్లేదు. "ఉచ్చులొద్దు, కేసులొద్దు. నువ్వు ఇంట్లో ఉంటే ఏ గొడవా లేదు. ఈ నెలాఖరుతో పని మానెయ్. నా కొడుకు సంపాదన సాలు మనకి. పాపకు తల్లి కావాల."

కరుణ కళ్లు నిండాయి. ఉద్యోగం మానమన్నది శత్రువైతే పోట్లాడొచ్చు. రోజూ తన కోసం మలుపులో కాపు కాసే మనిషితో ఏమని పోట్లాడుతుంది? నాకు మునెమ్మ మీద కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. రెండూ కలిసి రావడం నాకు ఇష్టం ఉండదు.

"ఇంతకీ ఎవరు చెబితే మానతారండీ మీరంతా?" అని డ్రైవర్నే మళ్లీ నిలదీశాను.

మస్తాన్ నవ్వాడు. "గంగమ్మే నోరు తెరిచి వద్దంటే మానేస్తాం. ఇంకెవురు సెప్పినా వినేదానికి లే."

మునెమ్మ అతని వైపు ఒకసారి చూసి, కిటికీలోంచి బయటికి చూసింది. ఎలుగుబంటి లేచి, పిల్లను సర్దుకుని, కుంట వైపు దిగిపోయింది. కొంతసేపు ఆగి అత్తా కోడళ్లు దిగారు. మునెమ్మ కొట్లోంచి పాత నూనె డబ్బా తీసి కర్రతో వాయిస్తూ ముందు నడిచింది, వెనక కరుణ. డబ్బా చప్పుడు చెట్ల మధ్యకు వెళ్లిపోయేదాకా మస్తాన్ బస్సు కదపలేదు. నా చెప్పు కోసం దిగే ధైర్యం నాకు లేకపోయింది. ఒంటి చెప్పుతో గంగవరంలో దిగి, నూటయాభై పెట్టి రబ్బరు చెప్పులు కొనుక్కుని, మళ్లీ అదే బస్సెక్కాను. అంతసేపూ బస్సు నాకోసం ఆగింది. మొక్కు మొక్కినామె అని కండక్టరు అందరికీ నచ్చజెప్పాడు.

కుప్పం

కుప్పంలో ఒక వాక్యం తెలుగులో మొదలై, అరవంలో మలుపు తిరిగి, కన్నడంలో దిగుతుంది. వినేవాడు ఏ భాషవాడైనా ఎక్కడో ఒకచోట ఎక్కుతాడు. గృహప్రవేశం బాగా జరిగింది. మా వైపు ఆవును గుమ్మం దాటించేటప్పటికి మనుషులు అలిసిపోతారు. ఇక్కడ పుంగనూరు ఆవు పెళ్లికూతురిలా లోపలికి నడిచి, హాలంతా తిరిగి, వంటగది కూడా చూసి బయటికొచ్చింది. పనసకాయ బిర్యానీ పెట్టారు. మాంసం కాదని నాలుగో ముద్దకు గానీ తెలియలేదు.

రామం అన్నయ్య మామగారు మునస్వామప్ప గొప్ప వేటగాడని అన్నయ్య ముందే చెప్పాడు. వాళ్లింటి గోడకు తుపాకీ తగిలించే మేకు ఉంది. తుపాకీ లేదు. ఎప్పుడో పోలీసులకు అప్పగించాడట. కుర్రతనంలో, చట్టాలు ఇంత గట్టిగా లేని కాలంలో, కొండమీద ఎలుగుబంటిని ఎదిరించిన కథ చెప్పాడు. పొద్దున కాఫీకి చెప్పినప్పుడు ఎలుగుబంటి పది అడుగుల దూరంలో ఉంది. సాయంత్రం కాఫీకి ముఖాముఖి వచ్చేసింది. మర్నాటికి ఆయన దాని చెవి పట్టుకున్నాడు. వేటకు వెళ్లినవాడు ఇంటికి తెచ్చేది మాంసం కాదు, మాటలని నాకు అప్పుడే అర్థమైంది. మాంసం ఒకపూటకు అయిపోతుంది. మాటలు మనవళ్లదాకా వస్తాయి.

మూడోసారి ఆయన కథ ఎలుగుబంటి చెవి దగ్గరకు రాగానే వాళ్లావిడ కాఫీ గ్లాసులు పెడుతూ, "అది ఈయన్ని సూసి పారిపోయిందా, ఈయనే దాన్ని సూసి పారిపొయినాడా అని నన్నడుగమ్మా. ఆపొద్దు పంచె ఉతికింది నేను" అంది. మునస్వామప్ప కాఫీ తాగడంలో మునిగిపోయాడు.

ఆయనకు గువ్వలబండ సంగతంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఉచ్చు మాట వినగానే ముఖం చిట్లించాడు. "ఎదురుగా నిలబడి భయపడినా మర్యాదేనమ్మా. ఉచ్చు పెట్టి ఇంట్లో పండుకునేది ఏం మగతనం? ఈడ ఏనుగులు చెరుకు తోటలోకి వస్తే కూడా మావాళ్లు చేతులెత్తి 'పో సామీ' అంటారు. తోట పోతాది, మర్యాద ఉంటాది" అన్నాడు. ఆ ముసలాయన చెప్పిన కథల్లో నేను పూర్తిగా నమ్మింది ఇదొక్కటే.

పది రోజులు ఉన్నాను. కరుణ నెలాఖరు దగ్గరపడుతోందని మధ్యమధ్య గుర్తొచ్చేది. ఆమె ఫోను నంబరు అడగలేదని నన్ను నేను తిట్టుకున్నాను.

మళ్లీ మలుపు

మొక్కు మొక్కే. మలుపులో నలభై పెట్టి పిడికెడు కాయ కొనే ఉద్దేశం నాకు లేదు. కుప్పం సంతలో ఏరి ఏరి, మోగించి, పదకొండు కాయలు కొని గోనెసంచిలో వేసుకున్నాను. సంచి మూతి ముడి పలమనేరులో బస్సు మారేటప్పటికే ఊడింది. గంగవరం దాటాక కాయలు సీట్ల కింద షికారు మొదలుపెట్టాయి. ఒకటి వెళ్లి కండక్టరు పాదం మీద పడింది. అదే కండక్టరు, అదే మస్తాన్. "మొక్కు తల్లి వచ్చింది" అన్నాడు కండక్టరు, కాలు రుద్దుకుంటూ.

మలుపులో బస్సు ఆగింది. మస్తాన్ దిగి, మునెమ్మ దగ్గర నిమ్మకాయలు తీసుకుని, ముందు చక్రాల కింద పెట్టి, బస్సును రెండు అడుగులు ముందుకు పోనిచ్చాడు. అంతే. కాయ కొట్టలేదు. బస్సులో ఒక్కరూ అడగలేదు. రాయి చుట్టూ ఊడ్చి ఉంది, ఒక్క చిప్ప లేదు.

నేను కాయలు ఏరుకుని సంచితో దిగేసరికి మునెమ్మ అడ్డం వచ్చింది. "ఈడ టెంకాయలు కొట్టగూడదమ్మా. గంగమ్మ వద్దనింది."

"ఎవరితో చెప్పిందండీ?"

"నాతోనే" అంది మునెమ్మ. అని కొట్లోకి వెళ్లిపోయింది.

మిగతాది మస్తాన్ చెప్పాడు. పోయిన మంగళవారం సాయంత్రం రెండు లారీలు, ఈ బస్సు ఆగి ఉండగా మునెమ్మకు పూనకం వచ్చిందట. ఎన్నడూ లేనిది. జుట్టు విప్పుకుని, రాయి ముందు ఊగుతూ, "నా బిడ్డ నడిచే దావలో ఎంగిలి చిప్పలు యాల పారేస్తాండారురా? నాకు టెంకాయ వద్దు. నిమ్మకాయ సాలు. కాదని కొట్టినోడి బండి ఈ గుట్ట దాటదు" అని అరిచిందట. లారీవాళ్లు సాష్టాంగ పడ్డారు. మర్నాటికి మదనపల్లె నుంచి పలమనేరు దాకా ప్రతి డ్రైవరుకూ తెలిసిపోయింది. ఎలుగుబంటి రెండు మూడు రోజులు వచ్చి, రాయి నాకి చూసి, ఎవరినీ ఏమీ అనకుండా గుట్ట మీద చెదపుట్టలు తవ్వుకోవడానికి పోయిందట. ఇప్పుడు నీళ్లకు చీకటిపడ్డాక దిగుతుంది, దాని టైముకు అది. పల్లెలో ఉచ్చు మాట ఎవరూ ఎత్తడం లేదు.

"మంచి టైముకు వచ్చినాది తల్లి" అన్నాడు మస్తాన్ గడ్డం సవరించుకుంటూ. "ఆపొద్దు నేను టెంకాయ అడిగితే లేవనింది మునెమ్మ. బుట్ట నిండా నిమ్మకాయలే ఉండె. ఇదేందబ్బా అని అడిగేలోపలే పూనకం వచ్చె."

నేను మస్తాన్ ముఖంలోకి చూశాను. అందులో ఏమీ దొరకలేదు. ముప్పై ఏళ్లు డ్రైవరుగా చేసిన ముఖం.

ఎదురుగా పుంగనూరు వైపు నుంచి వచ్చిన బస్సులోంచి కరుణ దిగింది. అదే బ్యాగు, అదే టిఫిన్ డబ్బా. నెల మారి అయిదారు రోజులైంది. నాకు గుండెల మీద నుంచి బరువు దిగింది, అది దాచుకోను. "మానలేదా?" అన్నాను.

"లేదమ్మా. మా అత్త ఆ మాట మళ్లీ ఎత్తలేదు" అంది. తరువాత కాస్త గొంతు తగ్గించి, "ఆమెకు పూనకం వచ్చిన పొద్దు నేను డ్యూటీలో ఉండా. చూడలేదు. అడగలేదు కూడా. రాత్రి ప్రార్థనలో మా అత్తకోసం మాత్రం ఎక్కువసేపు మోకరించినా" అంది.

కరుణ కాలిదావ పట్టింది. మునెమ్మ కొట్టు ముందు నిలబడి ఆమెనే చూస్తోంది. బుట్టలో నిమ్మకాయలు, ఒక్కోటి ఐదు రూపాయలు. టెంకాయల మీద బతికిన కొట్టు అది. నేను దగ్గరకు వెళ్లాను. అడగకుండా ఉండటం నా వల్ల కాలేదు.

"మునెమ్మా, ఆ సాయంత్రం అమ్మవారు రాకముందే నీ బుట్టలోకి నిమ్మకాయలు ఎట్లా వచ్చాయి?"

ఆమె నా వైపు తిరగలేదు. కోడలు చింతచెట్టు మలుపు దాటి, చెయ్యి ఊపి, కనపడకుండా పోయేదాకా ఆగింది. అప్పుడు నా సంచిలోంచి జారబోతున్న కాయను లోపలికి తోసి, మూతి ముడి వేసి నా చేతికిచ్చింది.

"ఆయమ్మ ఎప్పుడొస్తాదో మనకేం తెలుసమ్మా? ఎప్పుడొచ్చినా మనం తయారుగా ఉండద్దా?" అంది.